పన్నెండు రాగి గొట్టాలు

ఆ పొద్దున హుమాయూన్ వేసుకున్న పథకం చిన్నదే. పన్నెండు లగ్గులు చేయాలి, సాయంత్రం నాలుగింటికల్లా ఆటోనగర్‌లో సంజీవరావు గారి వెల్డింగు షాపులో ఇవ్వాలి. నచ్చితే నెలనెలా ఆర్డరు. నచ్చకపోతే ఆర్నెల్లుగా కూర్చుంటున్న అరుగు ఎలాగూ ఉంది.

లగ్గంటే లావుపాటి కరెంటు కేబులు చివర తొడిగే రాగి కనెక్టరు. పాత రాగి గొట్టాన్ని రెండంగుళాల ముక్కలుగా కోసి, ఒక కొస సుత్తితో చదునుగా కొట్టి, అక్కడ బోల్టు దూరేంత బెజ్జం వేశాడు. తెల్లారినప్పటినుంచీ ఆ వించిపేట ఇల్లు టంగుటంగుమంటూనే ఉంది. ప్రతి దెబ్బకీ తల్లి ఖుర్షీదా గుండె ఆగి మళ్ళీ కొట్టుకుంది.

"వీటిలోంచి కరెంటు పోతుందట్రా?"

"పోవాలనే కదమ్మీ చేసేది!"

"ఎవరైనా పట్టుకుంటే?"

"ఎవరూ పట్టుకోరు. చింతపండేసి తోమి పెట్టు. నే బోల్టులు కొనుక్కొస్తా."

ఖుర్షీదా తళతళలాడేలా తోమింది. ఒక్కటీ పోకూడదని నల్లదారానికి గుచ్చి వరండా ఊచకు వేలాడదీసింది. ఆ వెంటనే ఏ తల్లి బిడ్డో వాటిని పట్టుకుని అతుక్కుపోయినట్టూ, పోలీసులు కొడుకును తీసుకుపోతున్నట్టూ కళ్ళకు కట్టింది. మనసాగక, కళ్ళు మూసుకుని, తనకొచ్చిన దువా చదివి ఒక్కోదాని మీదా ఊదసాగింది.

ఏడోది ఊదుతుండగా కాఫీపొడి బదులుకి పక్కింటి అమలమ్మ వచ్చింది.

"తాయెత్తులా వదినా! మాట మాత్రమైనా చెప్పలేదే!"

"తాయెత్తులు కావమ్మా, కరెంటువి. ముట్టుకోకు, ప్రాణాలు తీస్తాయి!"

"అంత బలమైనవా! మా మనవడికి వారంగా జ్వరం. ఒక్కటియ్యి. మా చర్చి ఫాదరుగారికి మాత్రం చెప్పకు."

ఇవ్వనంటే, రేపు ఆ పిల్లాడికేమన్నా అయితే? ఖుర్షీదా దారంలోంచి ఒకటి తీసి ఇచ్చేసింది. ముందురోజు డాక్టరు వేసిన ఇంజెక్షన్ పనిచేసిందో ఏమో, పదింటికి జ్వరం దిగింది. పదకొండింటికి వీధంతా వరండాలో ఉంది. ఒకామె గేదె పాలివ్వడంలేదు, ఒకామె మొగుడు పామర్రు వెళ్ళి తిరిగి రాలేదు. ప్రతి ముఖంలోనూ ఖుర్షీదాకు ఒక శవం కనబడింది. ఎవరికీ కాదనలేకపోయింది.

"అమ్మీ, లగ్గులేవీ?" బోల్టులతో వచ్చిన హుమాయూన్ అడిగాడు.

"ఒకటి అమలమ్మ మనవడి మెళ్ళో ఉంది. ఒకటి పీరు రిక్షాకి. ఒకటి గేదె కొమ్ముకి..." ఖుర్షీదా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మిగతావాళ్ళెవరో గుర్తులేదురా. ఇదుగో, ఒకటుంది."

రాగి గొట్టం ఇక అంగుళం కూడా లేదు. ఇచ్చినవి తిరిగి అడగడానికి ఇద్దరూ వీధిలో పడ్డారు. "జ్వరం తిరగబెడితే నువ్వొచ్చి చూస్తావా?" అని అమలమ్మ తలుపేసుకుంది. గేదె మాటలతో పెట్టుకోకుండా హుమాయూన్‌ని తన్నింది.

నాలుగున్నరకు కుంటుతూ ఇంటికొచ్చేసరికి గుమ్మంలో స్కూటరు, దాని పక్కన సంజీవరావు. ఖుర్షీదా ఎదురెళ్ళి చేతులు జోడించింది.

"తప్పు నాదండీ బాబూ! మావాడి నోటికాడి కూడు తీసేయకండి!"

సంజీవరావు చెప్పులు విడిచి లోపలికొచ్చి, మిగిలిన ఒక్క లగ్గునూ రెండు చేతులతో అందుకున్నాడు.

"రిక్షా పీరు అంతా చెప్పాడమ్మా. ఇది మా ఆవిడకి. నెలకి యాభై చేయించి, మీరే ఊదిపెట్టండి, ఆటోనగరంతా అడుగుతున్నారు."

"మరి వెల్డింగు మిషనుకండీ?" అన్నాడు హుమాయూన్.

"దానికి బజార్లో కొన్నవి బిగించానయ్యా. ఇలాంటివాటిని కేబులుకి తగిలించి పాపం మూటగట్టుకోమంటావా?"

అలా హుమాయూన్‌కు పని దొరికింది. ఖుర్షీదాకు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, భయపడటానికి సరైన కారణం దొరికింది.