దీవి వాలంటీరు

సోమవారం పొద్దున దావీదురాజు వేసుకున్న లెక్క చిన్నదే. ఎండ ముదరకముందు ప్లాస్టిక్ సీసాల లోడు లారీకి ఎక్కించాలి. మధ్యాహ్నం కూతురు మహిమను కడప బస్సు ఎక్కించాలి. మొదటి పనికి ఎంత చప్పుడైనా పర్వాలేదు. రెండోది మాత్రం ఏ చప్పుడూ లేకుండా జరిగిపోవాలి.

మైదుకూరులో అతనిది పాత సామాన్ల అంగడి. ఊరు పారేసే ఇనుము, అట్టపెట్టెలు, సీసాలు కొని అమ్మి, ఆ మురికి కూతురి చేతికి అంటకూడదని తిరుపతిలో ఎమ్మెస్సీ చదివించాడు. చదువు ముగిశాక ఆమె కోరి తెచ్చుకున్నది ఏమిటయ్యా అంటే, సముద్రాలవతల ఏదో దీవిలో మూడు నెలల పాటు ఒడ్డున ప్లాస్టిక్ ఏరి, వేరు చేసే పని. తిండి, పడక వాళ్లవి. జీతం లేదు.

“ఆ ఏరేదేదో మన అంగట్లోనే ఏరగూడదా తల్లీ?” అని అడిగి చూశాడు.

“అది వేరే నాన్నా” అంది మహిమ.

ఆ వేరే ఏమిటో అతనికే అర్థం కాలేదు. ఇక ఊరికేం అర్థమవుతుంది? చెత్త అమ్మేవాడి కూతురు చెత్త ఏరడానికే పోయిందంటారు. ఇన్నేళ్లు నిలబెట్టుకున్న మర్యాద ఆ ఒక్క మాటతో గంగలో కలుస్తుంది.

అందుకని వ్యాపారం చేసే మనిషి చేసే పనే చేశాడు. సరుకులో మంచి వైపు మాత్రమే చూపించాడు. ఆదివారం పాస్టరుగారిని ప్రార్థన అడిగేటప్పుడు చెత్త అన్న మాట మింగేసి, “మా పాప ఒక దీవికి వాలంటీరుగా పోతాందయ్యా” అన్నాడు. పాస్టరుగారు అదే మాట మైకులో చెప్పి, సంఘమంతటి చేతా ఆమెన్ అనిపించారు.

ఆ చర్చి మైకు వెనక వీధుల దాకా వినబడుతుంది.

సోమవారం లారీ ఇంకా అంగడి ముందు ఆగనే లేదు, ఎదురింటి సుంకమ్మ వచ్చి అంగడి గడప మీద కూర్చుంది.

“పాప యాడప్పా? వాలంటీరయ్యిందంట గదా. పోయేలోగా నా యేలిముద్ర ఏపిచ్చుకోమను. పించను పడల్యా.”

“అవ్వా, అది ఈ వాలంటీరు కాదు. ఆ దీవి వేరే దేశంలో ఉండాది.”

“దేశం వేరేదైతే ఏమప్పా, యేలు నాదే గదా!”

తాను ఏ మాట వాడాడో దావీదురాజుకు అప్పుడు తెలిసింది. ఈ ఊళ్లో వాలంటీరంటే ఇంటింటికీ తిరిగి పింఛను ఇచ్చిన సర్కారు మనిషి. ఆ పోస్టులు ఆగిపోయినప్పటి నుంచి, మళ్లీ ఎప్పుడు పడతాయా అని ఊరు కాచుకుని ఉంది.

కాచుకున్నవాళ్లలో నవీన్ ముందు వచ్చాడు. పాత వాలంటీరు. చంకలో జిరాక్సుల కవరు. వెనక అతనిలాంటివాళ్లు మరికొందరు. లారీకీ సీసాల కుప్పకూ మధ్య బారు తీరారు.

“రాజన్నా, నాకు అనుభవం ఉండాది. యాభై ఇండ్లు చూసినోణ్ణి. ఆ దీవిలో ఎన్ని ఇండ్లకొక వాలంటీరు?”

“ఇండ్లు గిండ్లు ఏం లేవప్పా. జీతం గూడ లేదు.”

“మాకు మాత్రం జీతం ఉండెనా? గౌరవ వేతనం అనేటోళ్లు. అదిచ్చినా సాలు.”

హమాలీలు మూటలు దించి వినసాగారు. లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. మర్యాద పోతే పోయె, లోడైనా దక్కుతుందని దావీదురాజు తెగించాడు.

“నిజం చెప్తాండా, వినండి. అది చెత్త పని!”

“మేమూ అట్లే అనేటోళ్లం అన్నా” అన్నాడు నవీన్ జాలిగా. “పోయినాక తెలిసింది దాని ఇలువ.”

ఇంతలో వార్డు నాయకుడు భూపేష్ బండి దిగాడు.

“ఏమప్పా రాజూ, పోస్టులు పడితే నాకొక మాట చెప్పాల్నా, వద్దా? మా బామ్మర్ది ఊరికే ఉండాడు.”

“దేవుని సాక్షిగా భూపేషన్నా, సముద్రం ఒడ్డున చెత్త ఏరే పని అది.”

“చెత్త ఏరనీకె విమానం ఎక్కిస్తారా? మైదుకూర్లో చెత్త కరువైందా? ఎమ్మెస్సీ చదివిన బిడ్డను చెత్త ఏరనీకె పంపే తండ్రి యాడన్నా ఉంటాడా?”

నెల రోజులుగా ఇంట్లో దావీదురాజు అడుగుతున్న ప్రశ్నలే అవి.

సంచి భుజాన వేసుకుని మహిమ బయటికి వచ్చింది. “నాన్న చెప్పేది నిజమే సార్. కావాలంటే చూడండి” అని ఫోనులో వీడియో పెట్టింది. తలలన్నీ దాని మీదికి వంగాయి. పచ్చటి సముద్రం, కొబ్బరిచెట్లు, చేతులకు తొడుగులు వేసుకుని నవ్వుతున్న దేశదేశాల పిల్లలు.

“ఇదా చెత్త పని!” అన్నాడు నవీన్. “చెత్త ఏరేటోడు నవ్వంగా యాడన్నా చూసినావా రాజన్నా?”

“తండ్రీ బిడ్డా బాగా కూడబలుక్కున్యారు” అన్నాడు భూపేష్. “అంటే పోస్టులు ఇంకా మిగిలినాయన్నమాట.”

మధ్యాహ్నానికి బస్టాండులో ఫ్లెక్సీ లేచింది. అందులో భూపేష్ ముఖం తలుపంత, బామ్మర్ది ముఖం కిటికీ అంత, మహిమ ముఖం తపాలా బిళ్ల అంత. భూపేష్ పిలిపించిన డప్పుల వెంట హమాలీలు కూడా పోయారు. సగం లోడుతో లారీ తన దారిన తాను పోయింది. సుంకమ్మ జనాన్ని తోసుకుని వచ్చి, బస్సు కిటికీలోంచి చేయి పెట్టి మహిమ ఫోను మీద బొటనవేలు గట్టిగా నొక్కింది.

“పడిందామ్మా?”

“పడింది అవ్వా” అంది మహిమ. బస్సు కదులుతోంది మరి.

దావీదురాజు కిటికీ పక్కనే నడిచాడు. మహిమ కళ్లు మాత్రం వెనక ఫ్లెక్సీ మీద ఉన్నాయి.

“నాన్నా, అది దేనికీ పనికిరాదు. కరిగించనూ లేము.”

“తెలుసులే తల్లీ. నేనూ కొనను దాన్ని.”

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. బస్సు కడప రోడ్డెక్కింది.

తరువాతి ఆదివారం పాస్టరుగారు మైకు అందుకున్నారు. “అంత పెద్ద పోస్టు వచ్చినా, అది చెత్త పనేనని పదిమంది ఎదుట చెప్పుకున్న మన సహోదరుని తగ్గింపు గుణం చూడండి!” సంఘమంతా ఆమెన్ అంది. వెనక వీధుల్లో కూడా ఎవరో అన్నారు.

దావీదురాజు తల వంచుకుని లెక్క సరిచూసుకున్నాడు. మొదటే నిజం చెప్పి ఉంటే ఎలాగూ ఎవరూ నమ్మేవాళ్లు కాదు, మర్యాద ఎటూ నిలిచేది, లారీ అయినా నిండేది.