డెల్బర్ట్ టోపీకి అనుమతి లేదు

కాలాన్ని ఆపడం ఎవరి తరమూ కాదని పెద్దలు అంటూంటారు. ఆ పెద్దలెవరూ అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలోని టెన్నీ ఫాల్స్ గ్రామ కమిటీ సమావేశానికి వచ్చిన పాపాన పోలేదు. అక్కడ ఒక మంగళవారం సాయంత్రం కాలాన్ని ఏకగ్రీవంగా ఆపేశారు, అదీ డోనట్లు పంచకముందే. (ఒక సభ్యుడు సవరణ ప్రతిపాదించాడు గానీ, ఆయన కోరింది డోనట్లు ముందు పంచమని మాత్రమే.)

కాలం ఆగింది 1891లో. ఊరి బజారు వీధికి ఉన్న ఒకే ఒక్క పాత ఫోటో ఆ ఏడాదిది మరి. చర్చి నుంచి వంతెన దాకా ఉన్న ఆ వీధికి 'చారిత్రక గ్రామ వ్యాపార మండలం' అని పేరు పెట్టి, తలుపు గొళ్ళెం దగ్గర్నుంచి చూరు దాకా అన్నీ ఫోటోలో ఉన్నట్టే ఉండాలని తీర్మానించారు. ఫోటో నలుపు తెలుపుల్లో ఉండడం వల్ల రంగుల దగ్గర కొంత తర్జనభర్జన జరిగింది. కమిటీ ఆలోచించి వీధికంతటికీ బూడిద రంగు ఖాయం చేసింది. బేకరీ ముందు గుర్రాన్ని కట్టేసే రాట తప్పనిసరి. (గుర్రాన్ని తెస్తే మాత్రం జరిమానా. దాని వాసన మండలం స్వభావానికి సరిపడదు.)

ఈ మండలంలో లోర్నా టటల్‌కి హార్డ్‌వేర్ షాపుంది. మోకాళ్ళు మొరాయించాక వాళ్ళ నాన్న వెండెల్ షాపు ఆమెకి అప్పగించి, ముందున్న బెంచీ మీదకి మకాం మార్చాడు. డెల్బర్ట్, నోరిస్ అనే ఇద్దరు స్నేహితులు తోడు. కాఫీ తాగుతూ, ఎవరు ఎటు పోతున్నారో చెప్పుకుంటూ, మంచు పడితే మంచునీ, పడకపోతే పడనందుకూ తిట్టుకుంటూ కూర్చునేవాళ్ళు. లోర్నా తల్లి పోయినప్పుడు వెండెల్ చలికాలమంతా నోరు విప్పలేదు. మళ్ళీ మాట్లాడింది ఈ బెంచీ మీదే. అందుకే ఆ బెంచీ జోలికి ఎవరైనా వస్తే లోర్నాకి ప్రాణం మీదకి వచ్చినట్టుండేది.

వచ్చినవాడు ప్రెస్కాట్ ఇంగాల్స్. స్వరూప పరిరక్షణాధికారి. చేతిలో కొలత టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు ఊళ్ళో లేరు. అమ్మకానికి లేని వస్తువుని షాపు బయట పెట్టడం నేరమనీ, బెంచీ తీసెయ్యాలనీ చెప్పాడు. లోర్నా తక్కువ తిన్నదా? భూతద్దం పట్టుకెళ్ళి కమిటీకి ఆ పాత ఫోటోనే చూపించింది. అదే షాపు, అదే చోట బెంచీ, దాని మీద ముగ్గురు మగవాళ్ళు. కమిటీ కరిగిపోయి బెంచీనీ, దాని మీది ముగ్గురినీ కలిపి 'మండల స్వరూపానికి తోడ్పడే అంశం'గా ప్రకటించింది.

"ఇంకేం, చర్చి గంటకీ నాకూ ఒకటే హోదా," అన్నాడు వెండెల్.

"దాన్ని రోజూ తుడుస్తారు నాన్నా, నీ సంగతి చూసుకో," అంది లోర్నా. గెలిచాననే అనుకుంది పాపం. తోడ్పడే అంశాన్ని అనుమతి లేకుండా మార్చకూడదన్న సంగతి, నోరిస్ గడ్డం గీయించుకుని నోటీసు అందుకున్న రోజున గానీ తెలిసి రాలేదు.

ఫిబ్రవరిలో డెల్బర్ట్ పోయాడు. కట్టెలు పేరుస్తూ పేరుస్తూ ఒరిగిపోయాడు. భార్య ఆర్డిస్ ఆయన టోపీ తెచ్చి వెండెల్ చేతిలో పెట్టింది. విత్తనాల కంపెనీ పేరున్న ఆకుపచ్చ టోపీ, నిద్రలో తప్ప ఆయన తల వదిలి ఎరగదు. వెండెల్, నోరిస్ బెంచీలో డెల్బర్ట్ చోటు అలాగే వదిలేసి, అక్కడ ఆ టోపీ పెట్టుకుని కూర్చున్నారు. లోర్నా ఎప్పటిలాగే రోజూ మూడు కప్పుల కాఫీ తెచ్చేది.

వారం తిరక్కుండా ఇంగాల్స్ వచ్చాడు.

"కమిటీ తరఫున సంతాపం తెలుపుతున్నాను లోర్నా గారూ. మూడో మనిషి ఎప్పుడొస్తాడు?"

"ఏ మూడో మనిషి?"

"ఫోటోలో ముగ్గురున్నారు కదండీ. తోడ్పడే అంశం దెబ్బతింటే అదే పదార్థంతో, అదే కొలతలతో బాగుచేయించాల్సింది యజమానే."

"డెల్బర్ట్ కిటికీ చెక్క కాదండీ."

"కాదు. కిటికీ చెక్కకైతే గడువు ఎక్కువుంటుంది." టేపు తీసి ఖాళీ చోటు కొలిచాడు. "ఇంకోటి, ఈ టోపీ. అనుమతి లేని ప్రకటన బోర్డు."

"ఏళ్ళ తరబడి అది వాడి నెత్తి మీదే ఉందయ్యా," అన్నాడు వెండెల్.

"తల ఉన్నంతకాలం అది దుస్తులు. తల లేకుండా వీధికి కంపెనీ పేరు చూపిస్తే ప్రకటన."

"సరే, గోడ వైపు తిప్పుతా."

"అప్పుడు వెనక ప్లాస్టిక్ పట్టీ కనిపిస్తుంది. 1891లో ప్లాస్టిక్ లేదండీ."

"1891లో డెల్బర్టూ లేడు. మరి వాణ్ణి ఇన్నాళ్ళూ ఎలా ఊరుకున్నావు?"

ఇంగాల్స్ ఆ సంగతి రాసుకున్నాడు.

విచారణ జరిగింది. మా ఆయన చోట్లో నేను కూర్చుంటానని ఆర్డిస్ చెప్పుకుంది. ఫోటోలో ఆడవాళ్ళు లేరు కనక కమిటీ విచారం వ్యక్తం చేసింది. (మీసం పెట్టుకుంటే ఒప్పుకుంటారా అని ఆవిడ అడిగింది. ఆ ప్రశ్న ఉపసంఘం పరిశీలనలో ఉంది.) చివరికి కమిటీయే పెద్ద మనసు చేసుకుని, పక్క ఊరి మ్యూజియం నుంచి ఒకతన్ని గంటల లెక్కన రప్పించింది. భుజాల పట్టీల ప్యాంటు, పొగాకు పైపు, సొంత గడ్డం. 1891 తరవాతి విషయాలు మాట్లాడకూడదన్నది షరతు.

అతను వచ్చి డెల్బర్ట్ చోట్లో కూర్చున్నాడు. వెండెల్ అతని వైపు తిరిగాడు.

"నిన్న టీవీలో బాస్కెట్‌బాల్ చూశావా?"

"బళ్ళ చక్రాలు బురదలో బాగా దిగబడుతున్నాయండీ," అన్నాడతను, మొహమాటంగా. ఉద్యోగం మరి.

వెండెల్ టోపీని కోటు లోపల పెట్టుకుని లేచాడు. "రేపట్నుంచి నేను రాను తల్లీ," అన్నాడు లోర్నాతో.

లోర్నాకి తల్లి పోయిన ఆ చలికాలం మళ్ళీ కళ్ళ ముందుకొచ్చింది. మర్నాడు పొద్దున్నే నాన్న ఇంటికి వెళ్తే తలుపుకి తాళం వేసుంది. కారులో ఊరంతా వెతికి, వంతెన దాటి, మండలం అవతల పెట్రోలు బంకు దగ్గర ఆగింది. ఐసు మిషనుకీ టైర్లలో గాలి కొట్టే పంపుకీ మధ్య మూడు ప్లాస్టిక్ మడత కుర్చీలు. ఒకదాంట్లో నోరిస్, ఒకదాంట్లో టోపీ, మూడోదాంట్లో పగలబడి నవ్వుతున్న వాళ్ళ నాన్న. లోర్నా కారు దిగకుండా స్టీరింగు మీద తల ఆన్చి కాసేపు ఏడ్చింది, హాయిగా.

తరవాత ఆర్డిస్ అల్లిక తెచ్చుకుని అక్కడే కూర్చోవడం మొదలుపెట్టింది. బేకరీ ఆయన పొయ్యి ఆరగానే వచ్చేవాడు. పాత ఊరు చూద్దామని వచ్చిన పర్యాటకులు బూడిద రంగు వీధిలో అద్దె మనిషిని ఫోటో తీసుకుని, పెట్రోలు కోసం ఇక్కడ ఆగి, ఎంతకీ కదిలేవాళ్ళు కాదు. అసలైన ఊరంటే ఇదీ అని ఒకావిడ వాళ్ళాయనతో అనడం కమిటీ చెవిన పడింది.

ఏప్రిల్ సమావేశంలో మండలాన్ని వంతెన అవతలికి, పెట్రోలు బంకు దాకా ఏకగ్రీవంగా పొడిగించారు. ఈసారి కమిటీయే మనిషిని పంపి కొత్త ఫోటో తీయించింది: ప్లాస్టిక్ కుర్చీలు, ఇద్దరు ముసలివాళ్ళు, ఒక టోపీ. ఇక ముందు అన్నీ ఇందులో ఉన్నట్టే ఉండాలి. (ఆర్డిస్ అప్పుడు బాత్రూమ్‌కి వెళ్ళింది. కాబట్టి ఆవిడ లేదు.)

తీర్మానం కాగితం పట్టుకుని ఇంగాల్స్ స్వయంగా వచ్చాడు. కాఫీ తెచ్చిన లోర్నా అక్కడే ఉంది. వెండెల్ లేచి కుర్చీ మడవబోయాడు.

"కదపకూడదండీ, అవి చారిత్రకం," అన్నాడు ఇంగాల్స్ మర్యాదగా. "డెల్బర్ట్ గారి టోపీకి ఇప్పుడు అనుమతి వచ్చేసింది."

వెండెల్ తలమీద కూడా ఒక టోపీ ఉంది, ట్రాక్టర్ల కంపెనీది, అంచులు చిరిగింది. ఇంగాల్స్ దాన్ని కాసేపు చూసి లోర్నాని పక్కకి పిలిచాడు.

"అనుమతులకి చాలా కాలం పడుతోందండీ. మీ నాన్నగారి టోపీకి కూడా ఆయన ఉండగానే దరఖాస్తు పెట్టుకోండి."