విధుల్లో ఉన్న గుల్ల

సోమవారం ఉదయం ఎనిమిదింటికి గంటి భీమేశ్వరరావు తన రొయ్యల తొట్టి ముందు కుర్చీలో కూర్చుని గుల్ల విడిచాడు, పదిన్నరకల్లా ఆ గుల్ల ఆఫీసులో హాజరు వేయించుకుంది.

మధ్యలో జరిగినదంతా పద్ధతి ప్రకారమే జరిగింది. మెడ వెనక, చొక్కా కాలరుకు కాస్త కింద, సన్నటి చీలిక వచ్చింది. అందులోంచి అతను వెనక్కి జారి బయటపడ్డాడు. అప్పుడే గుల్ల విడిచిన రొయ్యకి ఒళ్ళు మెత్తగా ఉంటుంది కాబట్టి నాచులో దూరి దాక్కుంటుంది. ఇంట్లో మనిషి పట్టేంత నాచు లేదు కాబట్టి భీమేశ్వరరావు కొట్టుగదిలో బియ్యం డ్రమ్ము వెనక దాక్కున్నాడు. కుర్చీలో గుల్ల మిగిలింది. కళ్ళజోడు, మీసం, జేబులో పెన్ను అన్నీ ఉన్నాయి, మనిషి ఒక్కడే లేడు.

"ఏవండీ, ఆటో వచ్చింది" అంది భార్య హైమావతి వంటింట్లోంచి. గుల్ల పలకలేదు. తొట్టి ముందు కూర్చున్న భర్త పలకడం ఆమె ఈ రెండేళ్ళలో ఎరగదు. విసుక్కుంటూ వచ్చి క్యారేజీ ఒళ్ళో పెట్టి ఆటో డ్రైవర్ని కేకేసింది. అతను రెక్క పట్టుకుని తీసుకెళ్ళి సీట్లో కూర్చోబెట్టి, "సారు బాగా చిక్కిపోయారండి" అన్నాడు. ఆఫీసులో అటెండరు దాన్ని కుర్చీలో దించి, బొటనవేలు పట్టుకుని వేలిముద్ర యంత్రం మీద ఆనించాడు. యంత్రం ఆకుపచ్చ దీపం వెలిగించి ధన్యవాదాలు చెప్పింది.

తప్పు భీమేశ్వరరావుదే. రాజమండ్రిలో అద్దె వాటాలో ఉంటూ, రెండడుగుల గాజు తొట్టిలో ఇసుకా నాచూ మొక్కలూ వేసి, ఎర్రటి చిన్న రొయ్యల్ని అరవై దాకా పెంచుతున్నాడు. వాటికి పాలకూర ఉడకబెట్టి వేస్తాడు. ఎండు బాదం ఆకు నానేస్తాడు. వాటి ప్రాణానికి ముప్పని ఇంట్లో దోమల చుట్ట వెలిగించనివ్వడు. అందువల్ల హైమావతికి దోమల బ్యాటు తిప్పడంలో చెయ్యి బాగా తిరిగింది. ఆకివీడులో నలభై ఎకరాల రొయ్యల చెరువులున్న బావమరిది వచ్చినప్పుడల్లా తొట్టిలోకి తొంగి చూసి, "ఎంత కౌంటుకొచ్చాయి బావా? కేజీ తూగడానికి ఎన్ని తరాలు పడతాయి?" అంటాడు.

ఆ బావమరిది కుటుంబం ఆదివారం భోజనానికి వస్తోందని, ఈసారైనా తొట్టి తళతళలాడాలని, భీమేశ్వరరావు శనివారం సగం నీళ్ళు ఒక్కసారే తోడేసి కుళాయి నీళ్ళు నింపేశాడు. రొయ్యలు పెంచేవాడు చేయకూడని పని ఏదైనా ఉందంటే అదే. నీళ్ళు పది చెంబులుంటే ఒక్క చెంబు మార్చాలి, అదీ చుక్కచుక్కగా. ఒక్కసారిగా మారిస్తే రొయ్యలు బెదిరి, వేళ కాకుండానే గుల్ల విడిచేస్తాయి. సాయంత్రానికి నాచు మీద తెల్లటి గుల్లలు తేలాయి. రోజంతా మోచేతుల దాకా అవే నీళ్ళలో ఉన్న భీమేశ్వరరావుకి ఆ రాత్రికి వీపు దురద మొదలైంది.

సోమవారం మధ్యాహ్నం ఆకలేసి అతను కొట్టుగదిలోంచి బయటికొచ్చాడు.

"మీరు ఆఫీసుకెళ్ళలేదా?" అంది హైమావతి.

"వెళ్ళాను కదా."

ఆమె దగ్గరకొచ్చి చెంప మీద వేలు పెట్టి చూసింది. వేలు సొట్టలా దిగింది. "అయ్యో, జున్నులా ఉన్నారేంటండీ!" అని కంగారుపడి, పాత దుప్పటి కప్పి, పెరుగన్నం మెత్తగా పిసికి పెట్టింది. ఆయన తన వంక చూసి, అడిగినదానికి జవాబు చెప్పి, పెట్టింది తిని బాగుందన్నాడని ఆమెకు లోలోపల సంతోషంగా కూడా ఉంది.

మంగళవారం భీమేశ్వరరావు ఆఫీసుకు వెళ్ళాడు. అది పాత రికార్డుల పునఃపరిశీలన విభాగం. యంత్రం అతని వేలిని ఒప్పుకోలేదు. కొత్త వేళ్ళు ఒలిచిన గుడ్డులా నున్నగా ఉన్నాయి, వాటి మీద గీత అన్నది లేదు. సూపరింటెండెంటు మేరీ సువర్ణ గారు సర్వీసు రిజిస్టరు తెప్పించారు. గుర్తింపు చిహ్నాల దగ్గర 'కుడి మోచేతిపై కాలిన మచ్చ' అని ఉంది. కుర్చీలో ఉన్న గుల్లకి మచ్చ ఉంది. భీమేశ్వరరావుకి లేదు.

"ఇరవయ్యారేళ్ళ ఫైళ్ళన్నీ నాకు గుర్తున్నాయండి మేడమ్" అన్నాడతను.

"గుర్తుండడం అనే కాలమ్ ఇందులో లేదండి" అన్నారామె, నొప్పించకుండానే.

ఆమెకు గుల్ల మీద ఫిర్యాదు లేదు. అది వేళకు ఆటోలో వచ్చి వేళకు ఆటోలో ఇంటికి పోతుంది, టీకి వెళ్ళదు. ఫ్యాను గాలికి లేచిపోకుండా ఒళ్ళో రెండు పేపర్‌వెయిట్లు పెడితే సరిపోతుంది. ఏ కాగితం మీదా అభ్యంతరం రాయదు కాబట్టి ఆ టేబులు మీంచి ఒక్కరోజులో పద్నాలుగు ఫైళ్ళు కదిలాయి. విభాగం పుట్టాక అది రికార్డు.

రొయ్యలమ్మిన ఇస్మాయిల్ భాయ్ దగ్గరకెళ్తే అతను భీమేశ్వరరావు ముంజేయి నొక్కి చూసి పెదవి విరిచాడు. "మొదట్లో మీకేం చెప్పాను సార్? గుల్ల తీసి పారేయొద్దు, దాన్నే తింటాయి, దాంతోనే గట్టిపడతాయని చెప్పానా లేదా? మీరూ తినాలి. ఏడు రోజుల్లోపు. దాటిపోతే ఇంక జన్మంతా ఇలాగే మెత్తగా ఉండిపోతారు."

బుధవారం భీమేశ్వరరావు తనను తాను తినడానికి అనుమతి కోరుతూ దరఖాస్తు పెట్టాడు. మేరీ సువర్ణ గారు చదివి, కూర్చోమని ఎదుటి కుర్చీ చూపించారు.

"తినండి, మీ ఇష్టం. కానీ రేపట్నుంచి వేలిముద్ర ఎవరేస్తారు? ఉద్యోగి గైర్హాజరని రాయాలి నేను."

"తిన్నాక నాకు గీతలొస్తాయి కదండీ. కొత్త ముద్ర నమోదు చేయించుకుంటాను."

"కొత్తది నమోదు చేయాలంటే ముందు పాతది వేసి చూపించాలండి. పాతది మీ కడుపులో ఉంటుంది."

"పోనీ బొటనవేలు మినహాయించి తింటాను."

ఆమె నిజంగానే ఆలోచించారు. "బొటనవేలికి హాజరు వేస్తే మిగతా మనిషి ఏడని మెమో ఇవ్వాల్సొస్తుందండి. మీ మీద అభిమానం కొద్దీ చెప్తున్నాను, ఒద్దు." తర్వాత గొంతు తగ్గించారు. "ఆ సీట్లో ఫైళ్ళు కదులుతున్నాయి గానీ, వాటిల్లో ఏముందో ఎవరికీ తెలీట్లేదు. పని తెలిసినవాళ్ళు పక్కన ఒకరుంటే బాగుంటుంది. ఔట్‌సోర్సింగులో తీసుకుంటాను. దానికి వేలిముద్ర అక్కర్లేదు. స్టూలు వేయిస్తాను. ఇప్పటికే నాలుగు స్టూళ్ళున్నాయి కదా."

నిజమే, ఆ హాల్లో నాలుగు కుర్చీల పక్కన నాలుగు స్టూళ్ళున్నాయి. వాటి మీద లేత ముఖాలవాళ్ళు తలొంచుకుని రాస్తూ ఉంటారు. ఇన్నేళ్ళుగా వాళ్ళ చేత టీలు తెప్పించుకున్నాడే గానీ, వాళ్ళెవరని భీమేశ్వరరావు ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే మొహం చెల్లలేదు.

ఆదివారంతో గడువు అయిపోతుంది. ఆ సాయంత్రం హైమావతి గుల్లను శుభ్రంగా తుడిచి, భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి, పక్కన పళ్ళెమూ నెయ్యిగిన్నె పెట్టింది.

"తినేయండి" అంది. "ఉద్యోగం పోతే పోయింది. ఈ వారమంతా మీరు నాతో మాట్లాడారు. ఎండకి ఒళ్ళు కమిలిపోయి, చెయ్యి తగిలితే నొప్పని మూలుగుతుంటే చూళ్ళేకపోతున్నాను. నాకు గట్టి మనిషి కావాలండీ. ఏదో ఒకటి చేసుకుని బతుకుదాం."

భీమేశ్వరరావుకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గుల్ల ఎడమ చెయ్యి పట్టుకుని చిటికెనవేలు విరిచి నోట్లో వేసుకున్నాడు. అప్పడంలా కరకరలాడింది, కాస్త ఉప్పగా ఉంది. చూస్తుండగానే అతని చిటికెనవేలు బిగిసింది, గోరు మొలిచింది, కొస మీద సన్నటి గీతలు సుడి తిరిగాయి. అతను ఆ వేలితో బల్ల మీద కొట్టి చూశాడు. టక్కుమంది. వారం రోజులుగా అతని ఒళ్ళు దేనికి తగిలినా చప్పుడు రాలేదు. హైమావతి నవ్వి ఆ వేలిని గుప్పెట్లో పట్టుకుంది.

ఉంగరంవేలి మీద చెయ్యి వేశాడు. అక్కడ ఆగాడు. ఇంకా ఎనిమిదేళ్ళ సర్వీసుంది. ఇదంతా తినేస్తే పొద్దున్నకి గట్టిగా, నిండుగా, ఏ రిజిస్టరులోనూ లేని మనిషి లేచి నిలబడతాడు. ఎవరైనా నువ్వెవరని అడిగితే ఏం చూపించాలి? భీమేశ్వరరావుకి భయమేసింది. జీవితంలో దేనికీ అంత భయపడలేదు.

"రేపు చూద్దాంలే" అన్నాడు.

"రేపటికి గడువుండదండీ."

"తెలుసు."

హైమావతి నెయ్యిగిన్నె మీద మూత పెట్టి, పొద్దున ఆటోకి ఇద్దరొస్తారని డ్రైవరుకి ఫోను చేసింది.

సోమవారం నుంచి భీమేశ్వరరావు స్టూలు మీద కూర్చుంటున్నాడు. ఒక మెత్తటి పరుపుముక్క ఇంటి నుంచి తెచ్చుకున్నాడు. పెన్నును గట్టిగా పట్టుకుంటే వేళ్ళు సొట్టపడతాయి కాబట్టి వదులుగా పట్టుకుని రాస్తాడు. పని బాగా తెలిసినవాడని మేరీ సువర్ణ గారు రెండుసార్లు మెచ్చుకున్నారు కూడా.

గురువారం ఒక ముసలాయన కాగితాల కట్ట పట్టుకుని హాలు మధ్యలో నిలబడి, "అయ్యా, భీమేశ్వరరావు గారంటే ఎవరండీ?" అని అడిగాడు.

భీమేశ్వరరావు తలెత్తి, పెన్నుతో కుర్చీ వైపు చూపించాడు. "ఆయనేనండి."

ముసలాయన కుర్చీకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, ఎదురుగా నిలబడి, తన తండ్రి ఇంటిస్థలం రికార్డు కనబడకుండా పోయిన సంగతంతా మొదట్నుంచీ చెప్పుకొచ్చాడు. మధ్యలో ఒకసారి ఏడ్చాడు. భీమేశ్వరరావు పక్కన కూర్చుని ఒక్క ముక్క పోకుండా రాసుకున్నాడు. అంతా అయ్యాక ముసలాయన కళ్ళు తుడుచుకుంటూ అతని వైపు వంగి, "మంచాయనండీ. నాలుగేళ్ళుగా తిరుగుతున్నాను, కసురుకోకుండా విన్నది ఈయనొక్కడే" అన్నాడు.

"అవునండి" అన్నాడు భీమేశ్వరరావు. "ఆయన దగ్గర చేరినందుకు నేనూ అదృష్టవంతుణ్ణి."