రెండు బకెట్లు, ఒక గుండుసూది

ఆ పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగాలి, సంచులు కారులో పెట్టాలి, ఎండ ముదరకముందే చెల్లెలూ మరిదీ బయల్దేరాలి. ఇందులో చిక్కేమీ లేదని అందరూ అనుకున్నారు, అక్క తప్ప.

అక్క ఆ వీధిలో దర్జీ. ఇంటి ముందుగదిలో ఆమె కుట్టుమిషను, దాని పక్కనే ఆమె భర్త ఇస్త్రీ బల్ల. ఆమె కొలత తీస్తే తేడా రాదని, చెప్పిన రోజుకు బట్టలు ఇస్తుందని పేరు. ఆమెకున్న బలహీనత ఒక్కటే, ఇంటికొచ్చినవాళ్ళను పంపించలేకపోవడం. "ఇక వెళ్ళొస్తాం" అని ఎవరైనా లేస్తే చాలు, ఆమెకు ప్రాణం ఒప్పదు. అందుకని ఏదో ఒకటి కనిపెడుతుంది. వెళ్ళేవాళ్ళ చొక్కాకి గుండీ ఊడి ఉంటుంది, లేకపోతే చీర అంచు కుట్టు విడిపోయి ఉంటుంది. అది సరిచేసి ఇచ్చేసరికి పూట గడిచిపోతుంది. ఆ గుండీలు అక్క చేతిలోనే ఊడుతున్నాయని కనిపెట్టడానికి చెల్లెలికి చాలా ఏళ్ళు పట్టింది.

ఈసారి చెల్లెలు జాగ్రత్త పడింది. రాత్రే గుండీలన్నీ లాగి చూసుకుని, సంచికి జిప్పు వేసి, దాన్ని తలకింద పెట్టుకుని పడుకుంది.

"ఏంటక్కా, సంచి దగ్గర వెతుకుతున్నావ్?"

"ఏం లేదే. ఏమైనా మర్చిపోయారేమోనని."

"ఏం మర్చిపోలేదు. గుండీలు కూడా అన్నీ ఉన్నాయి."

"నా మీద బొత్తిగా నమ్మకం లేదు నీకు."

"బోలెడంత ఉంది. అందుకే చూసుకున్నా."

అక్క మొహం ముడుచుకుని వాకిట్లోకి వచ్చింది. అక్కడ చెట్టు కింద మరిది కారు ఉంది. ముదురు నీలం రంగు, కొని ఎన్నో నెలలు కాలేదు. మరిది పళ్ళ డాక్టరు. మెరుపు అన్నది ఆయనకు వృత్తి. క్లినిక్ మూస్తే రోగులు పక్కవీధి డాక్టరు దగ్గరికి పోతారన్న భయంతో ఏడాదికోసారి తప్ప ఇటు రాడు. వచ్చినా వచ్చిన క్షణం నుంచీ వెళ్ళే దారి చూస్తూ ఉంటాడు. ఆయన కదిలితేనే చెల్లెలు కదులుతుంది కాబట్టి, అక్కకు చెల్లెలు కనిపించేదీ ఏడాదికోసారే.

కారు బానెట్ మీద పక్షి రెట్ట పడి ఉంది. ముందురోజు సాయంత్రం, "నీడపట్టున పెట్టండి మరిదిగారూ" అని చెట్టు కింద పెట్టించింది అక్కే. చెట్ల మీద పక్షులుంటాయని ఆమెకు తెలియదని మాత్రం ఎవరూ అనలేరు.

"మరిదిగారూ, కారు మీద ఏదో పడినట్టుందండీ," అంది అక్క, ఏమీ ఎరగనట్టు.

మరిది టీ గ్లాసు అక్కడే వదిలేసి పరుగున వచ్చాడు. అక్క భర్త ఇస్త్రీ బల్ల మీది తువ్వాలు అందుకుని తుడవబోతే మరిది కెవ్వుమన్నాడు.

"వద్దు అన్నయ్యగారూ! పొడిగుడ్డ తగిలించకండి! అందులో ఇసుక ఉంటుంది. లాగితే గీతలే గీతలు."

"మరి అలాగే వదిలేస్తావా?"

"వదిలేస్తే రంగు తినేస్తుంది. తడిపి నానబెట్టాలి. అంటే... కారంతా కడగాలి."

"అయ్యో పాపం," అంది అక్క. "నీళ్ళు నేను పడతాను."

చెల్లెలు గుమ్మంలో నిలబడి అక్కను ఎగాదిగా చూసింది. గుండీలు కాపాడుకుంది గానీ కారు సంగతి ఆమెకు తట్టలేదు.

కారు కడగడమంటే మరిది దృష్టిలో బట్టలుతకడం కాదు, చంటిపిల్లకు నీళ్ళుపోయడం. రెండు బకెట్లు కావాలి. ఒకదాంట్లో సబ్బునీళ్ళు, ఒకదాంట్లో మంచినీళ్ళు. తుడిచిన ప్రతిసారీ చేతితొడుగును ముందు మంచినీళ్ళలో జాడించి, మురికి వదిలాకే మళ్ళీ సబ్బులో ముంచాలి. పైకప్పు నుంచి మొదలుపెట్టి కిందికి రావాలి. గుండ్రంగా రుద్దకూడదు, తిన్నగా పోవాలి. సబ్బు కూడా కారుకని అమ్మేదే కావాలి. ఆ సీసా ఆయన డిక్కీలోనే ఉంటుంది.

"అన్నయ్యగారూ, మీ చేతిలో ఉన్న గిన్నెల సబ్బు అక్కడ పెట్టేయండి."

"నురగ బాగా వస్తుందయ్యా ఇది."

"నురగ వస్తుంది, మెరుపు పోతుంది. పైనున్న మైనం పొర ఊడిపోతుంది."

"మా గిన్నెలకు కళ ఎందుకు లేదో ఇన్నాళ్ళకు తెలిసింది," అని ఆయన మళ్ళీ ఇస్త్రీ దగ్గరికి పోయాడు.

అక్క బకెట్లు మోసింది, పైపు పట్టింది, చాలా హాయిగా ఉంది ఆమెకు. పైకప్పు అయింది, అద్దాలు అయ్యాయి, బానెట్ అయింది. ఎండ గోడ దిగి వాకిట్లోకి వచ్చింది. సరిగ్గా అప్పుడే మరిది చేతితొడుగు జారి నేల మీద పడింది.

"అయిపోయింది," అన్నాడు మరిది.

"జాడిస్తే సరి కదండీ?"

"కిందపడింది ఇక పనికిరాదు వదినగారూ. రాళ్ళపొడి పట్టేసి ఉంటుంది. మెత్తటి గుడ్డ ఏదైనా ఉందా? కొత్తది, పీచు రాలనిది?"

దర్జీ ఇంట్లో అడగాల్సిన మాటేనా అది! అక్క లోపలికి పోయి, ఎవరి కోటుకో తెచ్చి పక్కన పెట్టిన లైనింగు గుడ్డ మిగులు అంతా పట్టుకొచ్చింది. పసిపిల్ల బుగ్గలా ఉంది. మరిది ఒక ముక్క తాను తీసుకుని అటువైపు తలుపులు పట్టాడు. ఇంకో ముక్క మడతపెట్టి అక్క ఇటువైపు తలుపు మీద, ఆయన చెప్పినట్టే, పైనుంచి కిందికి తిన్నగా లాగింది.

కీచుమని చిన్న చప్పుడైంది.

అక్క గుడ్డ విప్పి చూసింది. మడతలో గుండుసూది. అంచులు కుదర్చడానికి తానే గుచ్చి, తానే మర్చిపోయింది. తలుపు మీద జానెడు పొడుగున తెల్లటి గీత. ఎంతైనా అక్క చేతి పని కదా, ఎక్కడా వంకర లేదు.

ఈ మనిషి పొడిగుడ్డకే కెవ్వుమన్నాడు. దీన్ని చూస్తే ఇంకేమైనా ఉందా? ఈ వాకిలి తొక్కనని ఒట్టు పెట్టుకుంటాడు. ఏడాదికోసారి వచ్చే చెల్లెలు ఇక ఆ ఒక్కసారి కూడా రాదు. ఒక్కపూట ఆపుకుందామని చూస్తే శాశ్వతంగా పోగొట్టుకునేలా ఉంది.

అక్క సూదిని కొంగుకు గుచ్చుకుని, మిషను దగ్గరికి పరుగెత్తి, బట్టల మీద గుర్తులు పెట్టే సుద్దల డబ్బా తెచ్చింది. ముదురు నీలం సుద్ద దొరికింది. కొంగుతో తడి తుడిచి, గీత మీద సుద్ద రుద్దింది. రంగు జత కుదర్చడంలో ఆమెకు తిరుగులేదు. గీత మాయమైంది. అయితే నీళ్ళు తగిలితే చాలు, ఆ మాయ కరిగిపోతుందని కూడా ఆమెకు తెలుసు. అందుకని తలుపుకు వీపు ఆనించి నిలబడి, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అనని మాట అంది.

"ఇక బయల్దేరండి మరి. ఎండెక్కుతోంది."

ఇస్త్రీ పెట్టె చప్పుడు ఆగిపోయింది. చెల్లెలు గుమ్మం దిగి వచ్చింది.

"ఏమన్నావక్కా?"

"వెళ్ళండే అంటున్నా. ఎంతసేపని ఉంటారు?"

చెల్లెలి మొహం పాలిపోయింది. "ఏం జరిగింది? నేనేమైనా అన్నానా? సంచి తలకింద పెట్టుకున్నందుకా? నీకంత కష్టం కలిగితే పొద్దున్నే నాలుగు తిట్టొచ్చు కదా!"

"ఏం కష్టం లేదు తల్లీ. వెళ్ళిరా."

"చూశారా బావగారూ, నవ్వుతూ వెళ్ళమంటోంది! మా అక్క నన్ను వెళ్ళమంటోంది! తేల్చకుండా నేను కారెక్కను." చెల్లెలు అరుగు మీద కూలబడి ఏడుపు మొదలుపెట్టింది.

అక్క భర్త దగ్గరికొచ్చి భార్య నుదురు మీద చెయ్యి పెట్టాడు. "జ్వరం లేదే. ఇలా వచ్చి కూర్చో."

"నేను రాను. ఇక్కడే బాగుంది."

"నడుం పట్టేసిందా?"

దొరికిందే చాలని అక్క తలూపింది. "అవునండీ. కదిలితే ప్రాణం పోతోంది."

ఆ మాటతో ఇల్లు అదిరిపోయింది. అక్క భర్త కుర్చీ తెచ్చి, ఆమెను ఆ తలుపు దగ్గరే కూర్చోబెట్టాడు. చెల్లెలు ఏడుపు ఆపి పక్కింటి నర్సమ్మను పిలుచుకొచ్చింది. నర్సమ్మ రక్తపోటు చూసే మిషను చేతికి చుట్టి, గాలి కొట్టి, కనుబొమలు పైకెత్తింది.

"అమ్మో, ఇదేంటి ఇంతుంది! దేనికో బాగా భయపడుతున్నట్టుందే?"

"మేం వెళ్ళిపోతున్నామనే," అంది చెల్లెలు, ముక్కు తుడుచుకుంటూ. "పైకి వెళ్ళమంటోంది గానీ లోపల కుమిలిపోతోంది. పిచ్చిది."

"అయితే కదిలించకండి," అంది నర్సమ్మ.

ఇంతసేపూ మరిది బాధ వేరు. సబ్బునీళ్ళు ఎండలో ఆరిపోతున్నాయి. ఆరితే తెల్లమచ్చలు పడతాయి. ఎవరి నడుమైనా పట్టేయొచ్చు, విడిపోవచ్చు. మచ్చ పడితే పోదు. ఆయన పైపు పట్టుకుని, కుర్చీ చుట్టూ ఒకసారి అటూ ఒకసారి ఇటూ తిరిగాడు.

"వదినగారూ, కొంచెం ముందుకు వంగగలరా? వెనకాల మాత్రమే కొడతాను."

"వద్దండీ మరిదిగారూ! చలి!"

"ఎండలో చలేమిటే?" అన్నాడు అక్క భర్త.

"చూశారా, చలి కూడా వచ్చింది," అంది నర్సమ్మ.

మరిది ఇక ఆగలేకపోయాడు. పైకప్పు మీద నుంచి సన్నగా పోస్తే వదినగారి మీద పడదని లెక్కవేసి నీళ్ళు వదిలాడు. నీళ్ళకు ఆ లెక్క తెలియదు. ధారగా దిగి, అక్క జడలో దూరి, వీపు మీదుగా కారాయి. అక్క కెవ్వున లేచి అరుగు దాకా పరుగెత్తింది.

"నడుం బాగైంది!" అంది నర్సమ్మ, ఆశ్చర్యంగా.

ఎవరూ ఆమె వైపు చూడలేదు. తలుపు మీద నుంచి నీలిరంగు నీళ్ళు కారుతున్నాయి. అవి కారిన చోట ఒక తెల్లగీత మెల్లగా పైకి తేలింది. దాని కొసన తడిసిన సుద్దముక్క ఒకటి అంటుకుని ఉంది.

అక్క కొంగుకున్న గుండుసూది తీసి అరచేతిలో పెట్టి చూపించింది. "నేనే గీశాను మరిదిగారూ. చూసుకోలేదు. ఈ గీత మీద కోపం పెట్టుకుని మా చెల్లెల్ని మాత్రం ఆపకండి. రానివ్వండి. కావాలంటే మీరు రాకండి."

మరిది లోపలికి పోయి, నోట్లోకి చూసే చిన్న టార్చిలైటు తెచ్చుకుని, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గీత పొడుగునా వెలుగు వేసి చూశాడు. గోటితో మెల్లగా తడిమాడు.

"పైపూత దాటింది. ఇనుము దాకా పోలేదు," అన్నాడు చివరికి. "నయమవుతుంది."

"ఎన్ని సిట్టింగులయ్యా?" అన్నాడు అక్క భర్త.

ఆయన వెటకారాన్ని మరిది పట్టించుకోలేదు. "సన్నటి పూతలు వేసుకుంటూ పోవాలి అన్నయ్యగారూ. ఒక పూత పూర్తిగా గట్టిపడాలి, అరగదీయాలి, ఇంకో పూత వేయాలి. వారానికొకటి. ఆఖరున మైనం. ఈలోగా దుమ్ములో తిప్పకూడదు, వాన తగలకూడదు. బయటివాళ్ళ చేతికి ఇవ్వను, నేనే చేస్తాను."

"మరి మనం వెళ్ళేదెలా?" అంది చెల్లెలు.

"బస్సులో. పన్నెండు గంటలకు ఒకటుంది. కారు ఇక్కడే ఉంటుంది."

కారును చెట్టు కింద నుంచి తీసి, రేకుల కిందికి నెట్టి, అక్క కుట్టిన దుప్పట్లన్నీ కప్పారు. చెల్లెలూ మరిదీ సంచులు భుజాన వేసుకుని వీధిమలుపు తిరిగారు. చెల్లెలు మలుపులో ఆగి చెయ్యూపింది. అక్క తడిబట్టలతోనే నిలబడి ఉంది. గుండీ లేదు, అంచు లేదు, పట్టుకుని ఆపడానికి. చెల్లెలు పోయి కారు మిగిలింది ఇంట్లో.

ఆ శనివారం క్లినిక్ మూసేసి మరిది దిగాడు, చేతిలో బుల్లి రంగుడబ్బాతో. వెనకే చెల్లెలు.

"మా అక్కను చూద్దాం రండి అంటే రోగులు పోతారనేవారు," అంది చెల్లెలు, చెప్పులు విప్పుతూనే. "ఇప్పుడు రోగులేమయ్యారో?"

"ష్, దుమ్ము లేస్తుంది," అన్నాడు మరిది, కారు పక్కన కూర్చుంటూ.

తరువాతి వారమూ వచ్చారు. ఆ తరువాతి వారమూ వచ్చారు. వేసిన పూత ఎప్పుడూ ఆయనకు నచ్చేది కాదు. మళ్ళీ గీకి మళ్ళీ వేసేవాడు. అక్క ఇస్త్రీ బల్ల పక్కన కూర్చుని చెల్లెలితో రెండు పూటలా కబుర్లు చెప్పేది. వాళ్ళు వెళ్తామని లేస్తే, "మంచిది, జాగ్రత్త" అని గుమ్మం దాకా వచ్చి పంపించేది. అక్కకు ఇంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందని వీధిలో అందరూ ఆశ్చర్యపోయారు.

చివరికి ఒక శనివారం, గీత ఎక్కడుండేదో ఎవరికీ తెలియనంతగా తలుపు మెరిసింది. మరిది మురిసిపోయి, మర్నాడు కారు తీసుకెళ్ళిపోతానన్నాడు.

అక్క మిషను దగ్గరికి వెళ్ళి, సూదుల దిండులో మిగతావాటితో కలవకుండా విడిగా గుచ్చి ఉంచిన ఒక గుండుసూదిని తీసి, పదును చూసుకుంది.