గోడెక్కిన చీర

గృహప్రవేశం ఇంకా వారం రోజులుందనగా గంగరాజు ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. కొత్తింటికి ఏ రంగు వేయాలో తేల్చేసి, పదింటికల్లా గుండుగొలనులో తన చేపల చెరువు గట్టు మీదికి చేరుకోవాలి. రంగు మాట ఎత్తగానే భార్య కాంతం బీరువాలోంచి కొత్త పట్టుచీర తీసి మంచం మీద పరిచింది. చిలకాకుపచ్చ రంగు, ఎర్రంచు, ఒళ్లంతా బంగారు బుటాలు.

"ఇంటి రంగు ఈ చీరకి సరిపోవాలండీ. ఇరవై రెండేళ్లుగా మీ ఇంట్లో ఏ ఫోటో చూసినా ఇందుజ ముందు, నేను వెనక. నాది ఒక చెవి కనపడితే గొప్ప. ఈ ఒక్క ఫోటోలోనైనా నేను నిండుగా కనపడాలి."

ఇందుజ కాంతానికి తోటికోడలు, తాడేపల్లిగూడెంలో కాపురం. ఎవరైనా ఫోను పైకెత్తితే చాలు, పక్క గదిలో ఉన్నా వచ్చి మధ్యలో నిలబడుతుంది. ఇదంతా కాంతం చెబుతుండగానే చెరువు మోటారు ఆగిపోయిందని ఫోను రావడంతో, గంగరాజు చెవిన పడింది మొదటి ముక్క ఒక్కటే. ఇంటి రంగు చీరకి సరిపోవాలి.

చెరువులో చేప ఎంత తూగుతుందో తెలియాలంటే వల వేసి శాంపిల్ చూడాలి. రంగుకైనా అంతే అనుకున్నాడు గంగరాజు. ఆ చీర జాకెట్టు ముక్క ఏలూరులో మొహిద్దీన్ కుట్టుకొట్లో ఉంది. ఇతను వెళ్లేసరికి మొహిద్దీన్ టీకి వెళ్లాడు. బల్ల మీద ముక్కా ఉంది, కత్తెరా ఉంది. చెరువు పని తరుముతుంటే గంగరాజు అరచెయ్యంత కత్తిరించేసుకున్నాడు.

తిరిగొచ్చిన మొహిద్దీన్ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "ఎంత పని చేశారండీ! వీపు భాగాన్ని సరిగ్గా నడిమధ్యన కోసేశారు!"

"అరచెయ్యంతే కదండీ?"

"అరచెయ్యంటే మీదండీ, అమ్మగారిది కాదు."

అరగంట సేపు ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, చివరికి మొహిద్దీన్ అడిగాడు. "మీ కొత్తింటి కిటికీలు ఎలా పెట్టించారండీ?"

"పైన గుండ్రంగా, ఆర్చీలండీ."

"అయితే దీనికీ ఓ ఆర్చీ పెట్టేస్తాను. చుట్టూ ఎర్ర పైపింగు వేస్తే, ఇల్లూ జాకెట్టూ ఒకే మేస్త్రీ కట్టినట్టుంటాయి."

ఆ శాంపిల్‌ను తాడేపల్లిగూడెం రంగుల కొట్లో రంగు పోల్చి కలిపే మిషను కింద పెడితే వెంట్రుకవాసి తేడా లేకుండా అదే పచ్చ వచ్చింది. పెయింటర్ బెంజమిన్ డబ్బా మూత తీసి చూశాడు. "కొంచెం తేలిక చేద్దామాండీ?"

"వద్దండీ. చీర ఎలా ఉందో ఇల్లూ అలాగే ఉండాలి," అని గంగరాజు చీర ఫోటో కూడా ఇచ్చాడు.

పదిహేనేళ్లుగా గోడలకు మీగడ రంగు వేసి వేసి విసిగిపోయిన మనిషి బెంజమిన్. ఆ మాటతో విజృంభించాడు. గోడంతా పచ్చ, అడుగున ఎర్రంచు, అచ్చులు పెట్టి బుటాలు, వరండా పైన పమిటచెంగు. పిలుపులతో తిరుగుతున్న కాంతాన్ని గంగరాజు అటు రానివ్వలేదు. ఆమెను ఆశ్చర్యపరచాలని అతని ముచ్చట.

గృహప్రవేశానికి ముందురోజు సాయంత్రం ఇల్లు చూసిన కాంతం ఇసుకకుప్ప మీదే కూలబడింది.

"ఏవండీ, ఇది ఇల్లా, నా చీరా?"

"చీరకి సరిపోవాలన్నావు కదా కాంతం!"

"నేను కనపడాలి అన్నానండీ. గోడలో కలిసిపోవాలని అన్లేదు." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. చెరువులో చేపలన్నీ చచ్చి తేలిన ఏడాది కూడా గంగరాజు అంత బాధపడలేదు. ఇన్నేళ్లలో ఆవిడ తనని అడిగిన కోరిక అదొక్కటే. మళ్లీ రంగు వేయించడానికి ఒక్క రాత్రి చాలదు.

తెల్లవారాక కాంతం గట్టిగా నిట్టూర్చి, కొత్తచీర పెట్టెలో పెట్టేసి, పాత పసుపు చీర కట్టుకుంది. మొహిద్దీన్ పంపిన జాకెట్టు మాత్రం తొడుక్కుంది. వీపున ఆర్చీ చూసిన ఆడవాళ్లు పూజ మానేసి కుట్టిందెవరని అడగడం మొదలుపెట్టారు.

అంతలో ఇందుజ కారు దిగింది. కాంతం చీరను వాట్సాప్ స్టేటస్‌లో చూసి, పట్టుబట్టి అలాంటిదే తెప్పించుకుంది. అదే పచ్చ, అదే ఎర్రంచు, అవే బుటాలు. పైన మూడుపేటల కాసులపేరు. ఫోటోగ్రాఫర్ హేమంత్‌కుమార్ కెమెరా ఎత్తగానే ముందుకొచ్చేసింది.

"అక్కా, మీరలా గుమ్మంలోకి జరగండి, నేను గోడ దగ్గర నిలబడతాను. నిండుగా ఉంటుంది."

కాంతం నోరు తెరిచి, చీరనీ గోడనీ ఒకసారి చూసి, నోరు మూసుకుంది. చప్పుడు చెయ్యకుండా గుమ్మంలోకి జరిగింది.

ఆ రాత్రే గంగరాజు భయపడుతూ అన్నాడు. "రేపే తెల్లరంగు వేయించేస్తాను కాంతం."

"ఆ గోడ మీద చెయ్యి వేశారంటే ఊరుకోనండీ," అంది కాంతం, ఫోనులో ఫోటోను పెద్దది చేసుకుని చూసుకుంటూ.

ఆ ఫోటో ఇప్పుడు హాల్లో ఉంది. గుమ్మంలో పసుపు చీరలో కాంతం నిండుగా నవ్వుతోంది. వచ్చినవాళ్లంతా ఆవిడని మెచ్చుకుని, పక్క గోడకి అంత మంచి కాసులపేరు ఎందుకు తగిలించారని అడుగుతున్నారు.