మంత్రిగారు కొండెక్కిన వైనం

"రెండువేల సంవత్సరాలుగా బుద్ధ భగవానుడు నా కోసం ఎదురు చూస్తున్నాడు. ఆయన్ని ఇంకా ఎదురు చూడనివ్వడం నాకు ఇష్టం లేదు!"

నరసరావుపేట పార్టీ సభలో ఉప్పునీటి వనరుల శాఖామాత్యులు శ్రీ గోపాలకృష్ణయ్యగారు ఈ మాట అనగానే హాలు దద్దరిల్లింది. సముద్రం లేని పల్నాడుకి ఉప్పునీటి మంత్రి ఎందుకని వెటకారం చేసే కుళ్లుబోతులు కొందరున్నారు. మాచవరం మండలంలో ఏ బావిలో చేద వేసినా వచ్చేది ఉప్పునీళ్లేనని వాళ్లకు తెలియదు పాపం.

మంత్రిగారికి బుద్ధుడి మీద ఉన్నట్టుండి భక్తి కలగడానికి కారణం లేకపోలేదు. అంతకు ముందు వారం ఎవరో జపాను యాత్రికులు వచ్చి, బుద్ధుడి గుడి ఉన్న కూకున్నసామి కొండెక్కి పోయారు. వాళ్ల ఫోటో పేపర్లో పడింది. ఆ ఫోటోలో కొండ ఉంది, జపాను వాళ్లున్నారు, ఎవరిదో మేక కూడా ఉంది. మంత్రిగారు లేరు. సొంత జిల్లాలో ఒక మేకకు దక్కిన గౌరవం మంత్రికి దక్కకపోవడం ప్రజాస్వామ్యానికి క్షేమం కాదని ఆయన ఆ పూటే గ్రహించారు.

ఆ సభలో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు ఖాజా మొహిద్దీన్. మాచవరం మండలానికి పార్టీ కన్వీనరు. బతుకుతెరువు మాత్రం రోడ్డు పక్కన టైర్లకు పంక్చర్లు వెయ్యడం. అతని సొంతూరు వాగొడ్డుపాలెం సరిగ్గా ఆ కొండ కిందే ఉంది. కొండ నడుములో రాతిని తొలిచి కట్టిన గుడి, అందులో పద్మాసనం వేసుకుని కూర్చున్న బుద్ధుడు. బుద్ధుడని ఊళ్లో ఎవరూ అనరు. కూకున్నాడు కాబట్టి కూకున్నసామి.

ఊరికీ రోడ్డుకీ మధ్య వాగు. ఎండాకాలం గొర్రెలు కూడా కాళ్లు తడవకుండా దాటతాయి. వానాకాలం వస్తే మనుషులకు దారి లేదు. కిందటేడు ఖాజా మరదలు సాబిరాకి నొప్పులొచ్చినప్పుడు ఎడ్లబండి ఊరి ఒడ్డునే ఆగిపోయింది. వాగు తీసేదాకా బిడ్డ ఆగలేదు. సాబిరా దక్కింది, బిడ్డ దక్కలేదు. ఇప్పుడు ఆ పిల్ల మళ్లీ కడుపుతో ఉంది. శ్రావణానికి నెలలు నిండుతాయి.

ఖాజా ఇంటికి వస్తూనే అరిచాడు. "ఏమే మైమూనా! మన వాగు మీద చప్టా పడతందే!"

మైమూనా పొయ్యి దగ్గర జొన్నరొట్టె కొడతా తలెత్తలేదు. "ఎవురేస్తన్నారు?"

"మంత్రిగారు కొండకొస్తన్నాడు. ఆయన కారు వాగు దాటాలా వద్దా? దాటాలంటే చప్టా ఉండాలా వద్దా? మనం అడగబళ్లా. కారే అడుగుద్ది."

"ఎండాకాలంలో వస్తే?"

"అంబాసిడర్ కారే పిచ్చిదానా! ఇసకలో దిగబడదా?"

 మైమూనా రొట్టె తిప్పేసింది.

ఖాజా లెక్క తప్పలేదు. ఎన్ని అర్జీలు పెట్టినా రాని జీపు పది రోజుల్లో వాగులో దిగింది. ఇంజనీరు దిగి సున్నంతో గీతలు గీయించాడు. లారీల్లో సిమెంటు తూములు వచ్చాయి, బస్తాలు వచ్చాయి. వాగొడ్డుపాలెం జనం సాయంత్రాలు వచ్చి ఆ తూముల మీద కూర్చుని చుట్టలు కాల్చుకున్నారు. అభివృద్ధి మీద కూర్చోవడం వాళ్లకదే మొదలు.

తరవాత ఒకనాడు పని ఆగిపోయింది. ఇంజనీరు రాలేదు, మేస్త్రీ రాలేదు. ఖాజా కొట్టు మూసి బస్సెక్కి నరసరావుపేట ట్రావెలర్స్ బంగళాకి పరిగెత్తాడు. వరండాలోనే మంత్రిగారి పీయే రాజారత్నం ఎదురయ్యాడు. రాజారత్నం మంత్రిగారి ఆలోచనలన్నీ మంత్రిగారికంటే ముందు ఆలోచించే మనిషి.

"ప్రోగ్రాం డౌటేనయ్యా ఖాజా," అన్నాడు గొంతు తగ్గించి. "సిద్ధాంతిగారు అడ్డం పడ్డారు. మంత్రిగారు కొండెక్కారు అని పేపర్లో పడితే జనం ఏమనుకుంటారు? దీపం కొండెక్కడం అంటే ఏంది?"

"ఆరిపోవడం," అన్నాడు ఖాజా నీరసంగా.

"ఆ! అదొకటి. రెండోది ఇంకా డేంజరు. బుద్ధుడెవరు? ఉన్న రాజ్యాన్ని వదిలేసి అడివికి పోయినాయన. అట్లాంటాయన దగ్గరికి మంత్రిగారు పోతే హైదరాబాదులో పార్టీ పెద్దలకి ఏం సిగ్నల్ పోతుంది? ఈయనకి వైరాగ్యం వచ్చిందనుకుని పోర్టుఫోలియో ఇంకోడికి ఇచ్చేస్తే?"

లోపల మంత్రిగారు పడక్కుర్చీలో కూర్చుని, మోకాళ్ల నొప్పులకు పాదాలు వేణ్ణీళ్ల బేసిన్‌లో పెట్టుకుని, దేశ భవిష్యత్తు గురించి ఆలోచిస్తున్నారు. ఖాజా వంగి దండం పెట్టాడు. సాబిరా కళ్లలో మెదిలింది. నోటికొచ్చింది మాట్లాడాడు.

"సార్, ఆయన రాజ్యం వదిలింది ఎక్కడో ఉత్తరాదిలో సార్. మా కొండ మీదికొచ్చి కూకున్నాక మళ్లా లేస్తే ఒట్టు. శాతవాహనులు పొయ్యారు, ఇక్ష్వాకులు పొయ్యారు, రెడ్డిరాజులు పొయ్యారు, నవాబు పొయ్యాడు, తెల్లోడు పొయ్యాడు. ఆయన మాత్రం కూకున్నకాడే కూకోనున్నాడు."

బేసిన్‌లో నీళ్లు కదలడం ఆగిపోయింది.

"ఒకే సీట్లోనా?" అన్నారు మంత్రిగారు.

"ఒకే సీట్లో సార్."

"రెండువేల ఏళ్లు!"

"ఎవురు గెలిచినా, ఎవురు ఓడినా సార్."

మంత్రిగారు కళ్లు మూసుకున్నారు. తెరిచేసరికి ఆ కళ్లల్లో తడి ఉంది. "దీన్నేనయ్యా జ్ఞానోదయం అనేది. ఆ మహానుభావుడి దగ్గర నేర్చుకోవాల్సింది చానా ఉంది. రాజారత్నం! ప్రోగ్రాం ఖాయం చెయ్యి."

"కొండెక్కడం సంగతి సార్?"

"ప్రెస్‌నోటులో 'అధిరోహించారు' అని రాయి."

మర్నాడే వాగులో పని మొదలైంది. ఖాజా మరదలితో, "నువ్వు ఈసారి కారులో పోతావు చూడమ్మా ఆసుపత్రికి," అన్నాడు. సాబిరా నవ్వింది. బిడ్డ పోయాక ఆ పిల్ల నవ్వడం అదే మొదలు.

వెళ్లాలా వద్దా అన్నది తేలిపోయింది గనక, ఎట్లా వెళ్లాలన్నది తేల్చడానికి బంగళాలో హైలెవెల్ మీటింగు పెట్టారు. ఖాజాను కూడా పిలిచి తలుపు దగ్గర నిలబెట్టారు.

మెట్లెక్కితే మోకాళ్లు పోతాయని డాక్టరు చెప్పాడు. డోలీలో మోయిద్దామని తాసిల్దారు చెప్పాడు.

"జనం భుజాలెక్కి ఊరేగాడని రాస్తారయ్యా!" అన్నారు మంత్రిగారు.

"ఇప్పటిదాకా ఎక్కింది అవే గదా సార్, కొత్తగా ఏముంది?" అన్నాడు తాసిల్దారు. అతను పాపం మెచ్చుకోలుగానే అన్నాడు. ఆ నెలాఖరుకే అతనికి ఆదిలాబాదు బదిలీ అయింది.

హెలికాప్టరైతే గుళ్లో గబ్బిలాలు లేస్తాయన్నారు. అందరూ తలలు పట్టుకుని కూర్చున్నాక రాజారత్నం లేచాడు.

"సార్, అసలు మనకు కావాల్సింది ఏంది? కొండా, ఫోటోనా?"

 ఇంత మౌలికమైన ప్రశ్న ఆ బంగళాలో అంతకుముందు ఎవరూ వెయ్యలేదు.

"ఫోటోలో కొండంతా పట్టదు సార్. సామీ, మీరూ పడితే చాలు. సామిని దించడానికి పురావస్తు శాఖ ఒప్పుకోదు. అచ్చం అట్లాంటి సామినే సిమెంటుతో చేయించి కొండ కింద పెడదాం."

ఖాజా గుండె కుదుటపడింది. కొండ కిందికి రావాలన్నా వాగు దాటాల్సిందే.

"కొండ కింద తుమ్మముళ్లు ఎక్కువ," అన్నాడు సర్కిల్ ఇన్‌స్పెక్టరు. "వాగు ఇవతల బయలు బాగుంటుంది. కొండ వెనకాల కనపడతది గూడా."

"ఇవతలైతే మా ఊరి జనం ఎట్టా వస్తారు సార్?" అన్నాడు ఖాజా కంగారుగా.

"వాళ్లకేమయ్యా, వాగు దాటడం అలవాటే గదా. మంత్రిగారికి అలవాటు లేదు."

"అంత దూరం ఎందుకు? ఎండలు మండిపోతన్నయ్," అన్నారు మంత్రిగారు పాదాలు తుడుచుకుంటూ. "వాగు ఇవతలంటే నరసరావుపేట గూడా వాగు ఇవతలే గదా?"

భూగోళశాస్త్ర రీత్యా ఆ మాట కాదనడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు.

బంగళా వెనక ఖాళీ స్థలంలో వారంలో కొండ లేచింది. దానికి తూములూ బస్తాలూ కొత్తగా కొనడం ప్రజాధనం దుబారా అని మంత్రిగారు పట్టుబట్టడంతో, వాగులో ఉన్నవే లారీలకెత్తి తెచ్చారు. తూములు గుట్టగా పేర్చి, మీద గోనెపట్టాలు కప్పి, సిమెంటు పూసి, ఎర్రమట్టి చల్లారు. దూరం నుంచి కొండే. దగ్గరికెళ్లి తడితే మద్దెల మోగినట్టు మోగేది. ఎలక్షన్ కటౌట్లు చేసే ఆర్టిస్టు బుద్ధుణ్ణి చేశాడు. అలవాటు కొద్దీ ముఖంలో మంత్రిగారి పోలికలు వచ్చాయి. దిద్దుతానంటే రాజారత్నం వద్దన్నాడు.

ప్రోగ్రాం నాడు మంత్రిగారు చెప్పులు విడిచి నాలుగు మెట్లెక్కి, సామికి తామరపూలు సమర్పించి, ఆ సీటు వంక చాలాసేపు చూశారు. ఫోటోగ్రాఫరు ఇంక చాలన్నా ఆయన కదలలేదు.

సాయంత్రం రాజారత్నం ప్రెస్‌నోటు చదివాడు. "ఎర్రటి ఎండను లెక్కచెయ్యక, వాగు దాటి, రాళ్లదారిన పయనించి, మంత్రివర్యులు చారిత్రక బౌద్ధాలయాన్ని అధిరోహించారు." చదివి, ఖాజా భుజం మీద చెయ్యి వేశాడు. "లోకల్ మనిషి మాట ఒకటి ఉంటే న్యూస్‌కి అందం. వాగు మీద కొత్త చప్టా మీదుగా మంత్రిగారి కారు హాయిగా సాగింది, మా ఊరు ధన్యమైంది అని నువ్వన్నట్టు వేయిస్తా."

"చప్టా ఎక్కడుంది సార్? తూములు ఇక్కడే ఉండయ్ గదా!"

"ఉందని ముందు పేపర్లో పడితే, లేకపోతే బాగుండదని వాళ్లే కట్టేస్తారు. ప్రభుత్వం నడిచేదే అట్లా. సార్ నీ సంగతి స్వయంగా చూస్తానన్నారు."

ఖాజా ఆలోచించాడు. కాదంటే కన్వీనరు పదవి పోతుంది. పదవి పోతే బంగళా గేటు కూడా దాటనివ్వరు. సరేనన్నాడు. మర్నాడు పేపర్లో మంత్రిగారి పక్కన అతని ఫోటో కూడా పడింది. మైమూనా దాన్ని రెండు చేతులా పట్టుకుని చూసింది.

"మన ఊరొచ్చాడా? ఎవురికీ అవపడకుండా ఎప్పుడొచ్చి పొయ్యాడు?"

ఖాజా పని ఉందని బయటికి పోయాడు.

తొలకరి పడింది. చప్టా కట్టడానికి ఎవరూ రాలేదు. ఖాజా గురజాల వెళ్లి ఇంజనీరు ముందు నిలబడ్డాడు.

"చప్టా ఎప్పుడు కడతారు సార్?"

"ఏ చప్టా?"

"వాగొడ్డుపాలెం చప్టా సార్."

"ఉంది గదయ్యా!" అని ఇంజనీరు ఆశ్చర్యపోయాడు. "మంత్రిగారు దాని మీదే వెళ్లారు."

"వెళ్లలేదు సార్."

ఇంజనీరు లేచి తలుపు మూసి వచ్చాడు. "మంత్రిగారు అబద్ధం చెప్పారంటావా? రాసి సంతకం పెట్టు మరి."

ఖాజా చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"పేపర్లో సాక్ష్యం చెప్పింది నువ్వు. హాయిగా సాగిందన్నావు. ఉన్న చప్టాకి మళ్లీ చప్టా శాంక్షన్ చేస్తే ఆడిటు వాళ్లు నన్ను బతకనిస్తారా? నువ్వు పార్టీ మనిషివి కాబట్టి ఒక దారి చెప్తా విను. రిపేర్లకి అర్జీ పెట్టుకో."

శ్రావణంలో వాగు రెండు ఒడ్లూ ఒరుసుకుంటూ పారుతున్న రోజున, తెల్లవారుతూనే సాబిరాకి నొప్పులు మొదలయ్యాయి. వాగు పొంగకముందే కొట్టు నుంచి తెచ్చిపెట్టుకున్న లారీ ట్యూబులకు ఖాజా గాలి కొట్టాడు. వాటి మీద నులకమంచం కట్టాడు. మంచం మీద సాబిరా, చెరో పక్కా పీకల్లోతు నీళ్లలో ఖాజా, మైమూనా. మోకు పట్టుకుని, ముందే ఈది అవతలి ఒడ్డుకు చేరిన ఊళ్లోవాళ్లు. నడి వాగులో మంచం ఒకసారి గిర్రున తిరిగింది. సాబిరా కళ్లు మూసుకుని అల్లా పేరు తలిచింది. మైమూనా మంచం కోడు వదలలేదు. ఖాజా తన జన్మలో మొదటిసారి ఏ పార్టీకీ జై కొట్టకుండా గట్టిగా అరిచాడు. "లాగండ్రా! లాగండి!"

మాచవరం ఆసుపత్రికి చేరిన కాసేపటికే ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం.

నర్సమ్మ బయటికొచ్చి, వరండాలో నీళ్లోడుతూ నిలబడ్డ ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. "ఏ ఊరు మీది?"

"వాగొడ్డుపాలెం," అన్నాడు ఖాజా.

"వాగు పొంగి పోతందంటన్నారే? ఈ పిల్లనెట్టా దాటించారయ్యా?"

ఖాజా నోరు తెరిచాడు. బల్ల మీద కూర్చున్న మనుషుల్లో ఒకరిద్దరు పార్టీవాళ్లున్నారు. తెరిచిన నోరు అట్లాగే ఉండిపోయింది. మైమూనా కొంగు పిండుకుంటూ ముందుకొచ్చింది.

"చప్టా మీదమ్మా. హాయిగా సాగింది. కావాలంటే మా ఆయన్ని అడుగు, పేపర్లో గూడా ఏయించాడు."