సంచీలో తల, హికరీ అనే హంతకుడు

“ఈ దేశం పోలీసులకి గుర్రాలున్నాయి కిరీటీ! కానీ బుర్ర మాత్రం ఇదిగో, ఇక్కడుంది!” అంటూ కోదండరామ్ తన నుదుటి మీద వేలితో పొడుచుకున్నాడు. వేలికున్న ఆవకాయ బొట్టులా అంటుకుంది.

కిరీటి గిన్నెలు తోముతూ తలూపాడు. అతని రూమ్మేట్ కోదండరామ్ చదివేది సప్లై చైన్ మేనేజ్‌మెంట్. పుట్టింది మాత్రం అపరాధ పరిశోధనకేనని అతని నమ్మకం. ఇంతవరకూ ఛేదించిన కేసు ఒక్కటే. మాయమైన అతని ఎడమకాలి సాక్సు కుడికాలికే, ఇంకో సాక్సు కింద దొరికింది.

“ఇప్పుడేమైంది?”

“హత్య! పైన భీమారావు అంకుల్ ఫోన్లో అన్న మాటలు హీటర్ వెంట్‌లోంచి విన్నా. విను.” కోదండరామ్ నోట్‌బుక్ తెరిచాడు. “‘కామ నిలువునా చీలిపోయింది. తల ఒక్కటే మిగిలింది, సంచీలో చుట్టి దాచా. సరోజకి తెలిస్తే నా పరువు గంగలో కలుస్తుంది. మంచి హికరీ దొరికితేనే గట్టెక్కుతా.’ అర్థమైందా? హతురాలు కామ. అసలు పేరు కామాక్షి అయ్యుంటుంది. హికరీ కిరాయి హంతకుడు. మంచి హికరీ కావాలంటున్నాడంటే చెడ్డ హికరీలూ ఉన్నారన్నమాట. ముఠా!”

కిరీటి చేతిలో గిన్నె జారింది. హత్యకి కాదు, గదికి భయపడ్డాడు. 2023 ఫిబ్రవరిలో కెనడాలోని హాలిఫాక్స్‌లో కాలేజీ సీటు దొరికినంత తేలిగ్గా గది దొరికేది కాదు. విమానం దిగిన ప్రతి స్టూడెంటూ గది కోసమే తిరుగుతున్నాడు. కిరీటి రెండు నెలలు ఎవరెవరి సోఫాల మీదో ముడుచుకుని పడుకున్నాడు. చివరికి రిటైర్డ్ మెకానికల్ ప్రొఫెసరైన ఈ భీమారావు గారు, ఆయన భార్య సరోజ గారు జాలిపడి తమ ఇంటి బేస్‌మెంట్ ఇచ్చారు. అలాంటాయన్ని హంతకుడంటే ఆ మంచులో మళ్ళీ సూట్‌కేసు లాక్కుంటూ తిరగాలి.

“ఒరేయ్, నీకు దణ్ణం పెడతా, ఆయన జోలికి పోకు.”

ఇంతలో పైన తలుపు చప్పుడైంది. భీమారావు గారు బరువైన గోనెసంచీ చంకలో పెట్టుకుని, అటూ ఇటూ చూసి, వీధిలోకి జారుకున్నారు.

“తల కదిలింది!” అన్నాడు కోదండరామ్. మంకీ క్యాప్ మీద నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని పరుగు తీశాడు. వాణ్ణి ఆపడానికి కిరీటీ పరుగెత్తాడు.

భీమారావు గారు బస్సు దిగి అవతలి ఒడ్డున డార్ట్‌మౌత్ వెళ్ళే ఫెర్రీ ఎక్కారు. వీళ్ళిద్దరూ వెనక బెంచీలో నక్కారు.

“సముద్రంలో పారేస్తాడు చూడు,” అంటూ కోదండరామ్ ఫోన్లో టకటకా ఏదో కొట్టాడు.

“ఎవరికిరా?”

“సరోజ ఆంటీకి. లొకేషన్ కూడా షేర్ చేశా. ఆమె ప్రాణాలు కాపాడాలి కదా!”

కిరీటి ఫోన్ లాక్కునేలోపు మెసేజ్ వెళ్ళిపోయింది. భీమారావు గారు మాత్రం తల పారేయలేదు. ఒళ్ళో పెట్టుకుని బుజ్జగిస్తున్నట్టు నిమిరారు, అంతే. ఒడ్డు చేరాక తిన్నగా ఒక పాత పనిముట్ల షాపులోకి వెళ్ళారు. వీళ్ళు కర్రల పీపా వెనక దాక్కున్నారు.

“హికరీ ఉందా?” అని అడిగారాయన. షాపు ముసలాయన పీపా చూపించాడు.

భీమారావు గారు ఒక కర్ర తీసి, ఒక కన్ను మూసి, కొస నుంచి కొసకి చూశారు.

“గురి చూస్తున్నాడు! తుపాకీ!” కోదండరామ్ గుసగుసలాడాడు.

“చెక్కలో గీతలు అడ్డంగా పోతున్నాయి. ఒక్క దెబ్బకి విరుగుద్ది,” అని ఆయన దాన్ని పక్కన పడేశారు. రెండోదానికి ముడి ఉందన్నారు. మూడోదానికి పూసిన రంగు గోకి, “లోపాలన్నీ దీని కింద దాస్తారు!” అని విసుక్కున్నారు.

కిరీటికి అప్పుడు వెలిగింది. “ఒరేయ్ మొద్దూ! కామంటే గొడ్డలి కర్ర. హికరీ అంటే చెట్టు...”

అప్పటికే ఆలస్యమైపోయింది. “చేతులు పైకెత్తు, హికరీ!” అని అరుస్తూ కోదండరామ్ దూకాడు. దూకింది పీపా మీదికి. పీపా పగిలింది, కర్రలు దొర్లాయి, వాటి మీద కోదండరామ్ వెల్లకిలా పడ్డాడు. అతని కింద రెండు కర్రలు ఫెళ్ళుమన్నాయి. మూడోది మాత్రం గోడకీ నేలకీ మధ్య వంతెనలా నిలిచి, అతని బరువంతా మోస్తూ కొంచెం వంగింది, విరగలేదు.

భీమారావు గారు అతన్ని పక్కకి దొర్లించి, ఆ కర్రని అందుకున్నారు. కంటికానించి చూశారు. గీతలు ఒకదాన్నొకటి ముట్టుకోకుండా ఈ కొస నుంచి ఆ కొసకి తిన్నగా పరిగెడుతున్నాయి.

“అబ్బా! ఎంత హికరీ!” ఆయన కళ్ళు చెమర్చాయి.

అంతలో తలుపు దడాలున తెరుచుకుంది. చెప్పులతోనే మంచులోంచి వచ్చిన సరోజ గారు, భర్త మెడని రెండు చేతులా తడుముతూ భోరుమన్నారు. “ఉందండీ! తల ఉంది!”

“ఉండక ఎక్కడికి పోద్దే?”

ఆవిడ ఫోన్ చూపించారు. ‘మీ ఆయన తల సంచీలో! డార్ట్‌మౌత్. త్వరగా రండి.’

“‘మీ ఆయన’ తర్వాత కామా పెట్టలేదేంట్రా!” అని కిరీటి నెత్తి కొట్టుకున్నాడు. “కామా లేకే ఇంత గొడవ!”

“అవునయ్యా, కామ లేకే కదా నేనూ వచ్చింది,” అంటూ భీమారావు గారు సంచీలోంచి పిడి లేని గొడ్డలి తల తీశారు. తర్వాత భార్య వైపు చూడలేక తల దించుకున్నారు. “మొన్న కామ విరగ్గొట్టేశా సరోజా. కొనేటప్పుడు అది వంకరగా ఉందని నువ్వన్నావు. నేను ఇంజనీర్ని, నాకు తెలీదా అని ఎగిరా.”

సరోజ గారు కళ్ళు తుడుచుకున్నారు. “మీరు కాదండీ. అంతకుముందు రోజు గరాజ్ తలుపు మంచుకి బిగుసుకుపోతే, ఆ గొడ్డలి పెట్టి ఎత్తా. కామ టక్‌మని బీటలిచ్చింది. చెబితే తిడతారని గప్‌చుప్‌గా పెట్టేశా. దారంతా అదే అనుకుంటూ డ్రైవ్ చేశా, ఆ ఒక్క మాటా నేను చెప్పకముందే మీరు పోయారే అని.”

భీమారావు గారు పదేళ్ళు చిన్నవారైపోయారు. “అయితే నా సెలెక్షన్‌లో తప్పు లేదన్నమాట!”

“నిజం బయటపడింది,” అన్నాడు కోదండరామ్ నేల మీంచే. “నాకు మొదట్నుంచీ ఆంటీ మీదే డౌటు.”

కిరీటి ఆవిడకి చేతులు జోడించాడు. “ఆంటీ, గది ఖాళీ చెయ్యమంటారా?”

“ఖాళీ చేస్తే మా వుడ్ స్టవ్‌కి కట్టెలెవరు కొడతారు? రోజూ పొద్దున్నే ఆ హీరో చేతే కొట్టించు.”

మర్నాడు పెరట్లో, కొత్త కామ బిగించిన గొడ్డలితో కోదండరామ్ దుంగ ముందు నిలబడ్డాడు. మొదటి దెబ్బ మంచుకి తగిలింది. రెండోది గాలికి. మూడో దెబ్బకి గొడ్డలి దుంగలో దిగబడి, ఎంత లాగినా రాలేదు. అతను నడుం వంచి, కళ్ళు చిన్నవి చేసి, దుంగ చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

“కిరీటీ, ఈ దుంగ మన దగ్గర ఏదో దాస్తోంది.”